దస్త్రాల గది నుంచి డేటా సెంటరు దాకా: నకలు కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు అడిగారు. ఏం రాయాలా అని సర్వీసంతా ఒకసారి తిరగేసుకుంటే తేలిందేమిటంటే, ఎల్.డి.సి.గా చేరిన రోజు నుంచి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన రోజు దాకా, ముప్పై ఆరేళ్లలో నేను ఎక్కువగా చేసింది నకళ్లు రాయడం, రాసినవాటిని సరిచూడటం. ఇందులో చరిత్ర ఏముంది అని మొదట సంకోచించాను. మా తమ్ముడి కొడుకు మాటతో ఆ సంకోచం తీరింది.

వాడు నగరానికి పడమటి వైపు ఒక డేటా సెంటరులో పనిచేస్తాడు. ఒక ఆదివారం నాచారంలో మా ఇంటికి వచ్చి భోజనం చేస్తుండగా ఫోను మోగింది. అన్నం ముందు నుంచి లేచి అరగంట మాట్లాడి వచ్చాడు.

"ఏం పనిరా అది, ముద్ద కూడా మింగనివ్వదు?" అన్నాను.

"ఏం లేదు పెదనాన్నా. ఒకే సమాచారం రెండు ఊళ్లలో ఉంటుంది. ఇక్కడ ఒక అక్షరం మారితే అక్కడా మారాలి. రెండూ తేడా లేకుండా ఉన్నాయా అని చూడటమే నా పని. ఇవాళ తేడా వచ్చింది" అన్నాడు.

"ఒరేయ్, నేను చేసిందీ అదే పని గదరా!" అన్నాను. వాడు నవ్వాడు. నేను మాత్రం నవ్వులాటకు అనలేదు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని వాడి పనినీ నా పనినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఈ వ్యాసం ఆ కబుర్లలోంచి పుట్టినదే. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని చివర చెబుతాను.

మన పరిసరాలు

ఉప్పల్, నాచారం అంటే ఫ్యాక్టరీలు, లారీలు, ఈమధ్య మెట్రో రైలు గుర్తుకొస్తాయి. కాని మా ఇంటి చుట్టూ ఏడెనిమిది కిలోమీటర్ల లోపల ఉన్న సంస్థలను లెక్కపెట్టండి. తార్నాకలో రాష్ట్ర పురాలేఖన భాండాగారం ఉంది. షాజహాను, ఔరంగజేబుల నాటి దక్కను కాగితాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. హబ్సిగూడ దాటితే భూమి కంపనాలను నమోదు చేసే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే 1961లో ఏర్పడిన ఎన్.జి.ఆర్.ఐ. నాచారం, మల్లాపూర్ మీదుగా వెళితే 1967లో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. ఒకచోట పాత కాగితం, ఒకచోట పటం, ఒకచోట భూమి లెక్క, ఒకచోట కంప్యూటరు. మన నగరం తూర్పు భాగం జ్ఞాపకాలను దాచే చోటు అంటే అతిశయోక్తి కాదు.

జ్ఞాపకాన్ని దాచడంలో మొదటి ప్రశ్న అది ఎవరి చేతిలో ఉన్నదని. రెండవది, అది పోతే ఇంకొకటి ఎక్కడున్నదని. మన ప్రాంత చరిత్ర చూస్తే మొదటి ప్రశ్న తేలడానికే వందల ఏళ్లు పట్టింది.

రెండు దఫ్తర్లు, రెండు సగాలు

నిజాం ప్రభుత్వ రెవెన్యూ లెక్కలు చాలాకాలం దఫ్తర్-ఎ-దివానీ, దఫ్తర్-ఎ-మాల్ అనే రెండు పెద్ద కార్యాలయాల్లో ఉండేవి. వినడానికి రెండు ప్రతుల్లాగా ఉంటుంది. కాదు. కొన్ని సుబాల లెక్కలు ఒక దఫ్తరులో, మిగతా సుబాలవి రెండో దఫ్తరులో ఉండేవి. అవి రెండు సగాలు మాత్రమే. ఏ సగం పోయినా ఆ సగానికి నకలు లేదు. పైగా ఆ దఫ్తర్లు వంశపారంపర్యంగా దఫ్తర్దారుల కుటుంబాల వశంలో ఉండేవి. కాగితం వారి చేతిలో ఉన్నంతకాలం సర్కారు వారి మాట మీద ఆధారపడవలసిందే. 1853లో దివానుగా వచ్చిన మొదటి సాలార్ జంగ్ చేసిన సంస్కరణలతో లెక్కలు ప్రభుత్వం అజమాయిషీలోకి వచ్చాయి.

గ్రామాల్లో కథ వేరు. పట్వారీ ఇంట్లో దస్త్రం మూట ఉండేది. పహాణీ రాసేవాడు ఆయనే, దాచేవాడూ ఆయనే. అయితే పాతవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. గ్రామ లెక్క ఒకటి, తహసీలు లెక్క ఒకటి ఉంచి, ఏటా జమాబందీలో రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చదివేవారు. పొలం మీదికి వెళ్లి పహాణీని సరిచూడటాన్ని అజ్మాయిషీ అనేవారు. తేడా వస్తే అక్కడికక్కడే నిలదీసేవారు. రెండు ప్రతులు ఉంచడం కన్నా ఏటా వాటిని కలిపి చూడటం గొప్ప పద్ధతి అని నాకిప్పుడు అనిపిస్తుంది.

1954-55లో తయారైన ఖాస్రా పహాణీ తెలంగాణ భూముల విషయంలో నేటికీ ఆధారంగా చూపే కాగితం. 1984 జనవరిలో పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాక ఇళ్లలోని దస్త్రాలు సర్కారు కార్యాలయాలకు రావలసి వచ్చింది. అన్నిచోట్లా అన్నీ వచ్చాయని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలవాళ్లు తక్కువ. ఒకే ప్రతి ఒకే మనిషి ఇంట్లో ఉండటంలోని ప్రమాదం అప్పుడు చాలా ఊళ్లకు తెలిసింది.

ఊరు కదలకపోయినా జిల్లాలు కదిలాయి. మా నాచారం 1978 ఆగస్టు 15 దాకా హైదరాబాదు జిల్లా. ఆపైన రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబరు 11 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. మార్పు జరిగినప్పుడల్లా కాగితాలు ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకు ప్రయాణం చేశాయి. రికార్డు గదిలో పనిచేసినవారికి తెలుసు, కాగితానికి చెదలకన్నా ప్రయాణమే పెద్ద గండం.

వాల్యూము అనే మాట

నకలు విద్యకు చట్టరూపం ఇచ్చిన గ్రంథం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. బ్రిటిషు ఇండియా కోసం చేసిన ఆ చట్టం విలీనం తరువాత మన ప్రాంతానికీ వచ్చింది. 1908 మన నగరం మరచిపోలేని సంవత్సరం కూడా. సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకుంది. నీరు మనిషినే విడిచిపెట్టనప్పుడు కాగితాన్ని విడిచిపెడుతుందా?

ఆ చట్టంలో నాకు ఇష్టమైనవి 64, 65 సెక్షన్లు. ఒక దస్తావేజులోని భూమి రెండు సబ్ రిజిస్ట్రార్ల పరిధిలో ఉంటే, రిజిస్టరు చేసిన కార్యాలయం ఒక మెమొరాండం రాసి రెండో కార్యాలయానికి పంపాలి. భూమి రెండు జిల్లాల్లో ఉంటే దస్తావేజు నకలే రెండో జిల్లా రిజిస్ట్రారుకు వెళ్లాలి. అక్కడివారు దాన్ని తమ ఒకటో పుస్తకంలో దాఖలు చేసుకోవాలి. అంటే ఏ ఊరివాడు ఏ ఊళ్లో వెదికినా ఒకే నిజం కనబడాలన్నమాట. మా తమ్ముడి కొడుకు అన్నం మధ్యలో లేచి వెళ్లింది ఈ పని కోసమే.

కంప్యూటరు రాకముందు దస్తావేజును చేత్తో పుస్తకంలోకి ఎక్కించేవారు. నకలు రాసినవాడు ఒకడు, చదివి వినిపించేవాడు ఒకడు, పుస్తకంలో వేలు పెట్టి సరిచూసేవాడు ఒకడు. దాన్నిబట్టి నకలు విలువ ఉండేది. రాసినవాడే సరిచూసుకుంటే తన తప్పు తనకు కనబడదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ధ్రువీకరించిన నకలు మీద ఒకటో పుస్తకం, ఫలానా వాల్యూము, ఫలానా పేజీలు అని ఉంటుంది. ఆ వాల్యూము ఏ గదిలో, ఏ ర్యాకులో ఉందో ఉండదు. రికార్డు గది మారినా, ర్యాకు విరిగి కొత్తది కొన్నా ప్రజలకు ఇబ్బంది లేదు. పేర్ల సూచిక, ఆస్తుల సూచిక వాల్యూము నంబరు చెబుతాయి. అది ఎక్కడున్నదో రికార్డు అసిస్టెంటుకు తెలుసు.

నేటి కంప్యూటరు నిల్వలోనూ వాల్యూము అనే అంటారని విని ఆశ్చర్యపోయాను. వర్చువల్ వాల్యూమ్ అంటే ఇదేనని మావాడు వివరించాడు. పైనుంచి చూసే పెన్షను ప్రోగ్రాముకు ఒక వాల్యూము కనబడుతుంది. అడుగున అది పది డిస్కుల్లో ముక్కలుగా ఉండవచ్చు, ఒక పెట్టెలో ఉండవచ్చు, రెండు ఊళ్లలో ఉండవచ్చు. పాత డిస్కు తీసి కొత్తది పెట్టినా పైవాడికి తెలియదు. మన ర్యాకుల మార్పిడి లాంటిదే. అయితే మన రికార్డు అసిస్టెంటు బుర్రలో ఉన్నది, అక్కడ ఒక పట్టికగా ఉంటుంది. ఆ పట్టిక పోతే డిస్కులన్నీ క్షేమంగా ఉన్నా ఎక్కడ ఏముందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ పట్టికకు కూడా నకళ్లు ఉంచుతారట.

ఒకే బీరువాలో ఇద్దరు

2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసింది. అప్పుడు నేను పనిచేస్తున్న కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. రికార్డు గది కింది అంతస్తులో ఉండేది. నీళ్లు దిగాక తలుపు తీస్తే కట్టలన్నీ ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. "ఫరవాలేదు, డూప్లికేటు ఉంది గదా" అన్నారు మా ఆఫీసరుగారు. ఉంది. అదే బీరువాలో, కింది అరలో ఉంది. అసలు కన్నా ముందు మునిగింది అదే.

వారం రోజులు కాగితాలు విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టాం. సిరా కరిగినవి కరిగిపోయాయి. అప్పటి నుంచి ఎవరైనా నకలు ఉందంటే, ఎక్కడుంది అని అడగడం నాకు అలవాటైంది.

కంప్యూటర్లు వచ్చిన కాలం

కంప్యూటరు మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అనే కంప్యూటరును 1969 నాటికే ఇ.సి.ఐ.ఎల్. తయారు చేసింది. కాని మన గుమాస్తాల బల్లల దాకా కంప్యూటరు రావడానికి మరో పాతికేళ్లు పైనే పట్టింది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ అనే పథకం కింద రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో కంప్యూటర్లు పెట్టారు. చేతిరాత నకళ్ల కాలం అంతటితో ముగింపుకొచ్చింది. 2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి 16-ఎ సెక్షను చేర్చి, పుస్తకాలను ఫ్లాపీల్లో, డిస్కుల్లో ఉంచవచ్చన్నారు. ఆ ఫ్లాపీని చదివే యంత్రం ఇవాళ వెతికినా దొరకదు. నకలు ఉంటే చాలదు, దాన్ని చదవగలగాలి అనడానికి ఇంతకన్నా ఉదాహరణ వద్దు.

మొదట్లో ఏ కార్యాలయం కంప్యూటరు ఆ కార్యాలయానిదే. తరువాతి దశలో సమాచారం కేంద్రస్థానానికి చేరింది. పెన్షనర్లమైన మనకూ అదే అనుభవం. బ్యాంకు బ్రాంచిలో లెడ్జరు తెరిచి మన పేజీ చూపే గుమాస్తా పోయాడు. లెక్క ఎక్కడో దూరాన ఒక కేంద్రానికి వెళ్లింది. 1942లో గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరిచిన మన హైదరాబాదు బ్యాంకు, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనప్పుడు, మనలో ఎందరో తెల్లవారి పాసుపుస్తకం పట్టుకుని బ్యాంకుకు పరుగెత్తారు. డబ్బు ఎక్కడికీ పోలేదు. లెక్క ఒక వాల్యూము నుంచి ఇంకో వాల్యూముకు మారింది, అంతే.

2014 జూన్ 2న రాష్ట్రం రెండైనప్పుడు ఇంకో వింత జరిగింది. రెండు రాష్ట్రాలకూ కావలసిన దస్త్రాలకు నకళ్లు తీశారు. ఆ రోజు దాకా ఒకటే లెక్క. మర్నాటి నుంచి ఎవరి ప్రతి వారిది, ఎవరి మార్పులు వారివి. కంప్యూటరువాళ్ల భాషలో దీన్ని అద్దాన్ని విడదీయడం అంటారని మావాడు చెప్పాడు.

అద్దం, దూరం, సాక్షి

ఒక డిస్కులో రాసిందంతా పక్క డిస్కులోనూ అదే క్షణంలో రాయడాన్ని మిర్రరింగ్ అంటారు, అంటే అద్దం పట్టడం. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు, చవక డిస్కులను గుంపుగా వాడి నమ్మకం సాధించే పద్ధతులను ఒక వ్యాసంలో వర్గీకరించారు. అందులో మొదటి పద్ధతి ఈ అద్దమే. 1990లలో ఆ అద్దాన్ని ఒక పెట్టె నుంచి ఇంకో ఊరిలోని పెట్టెకు సాగదీశారు.

ఇక్కడ దూరం పేచీ పెడుతుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వంద కిలోమీటర్ల దూరానికి వెళ్లి, "రాసుకున్నాను" అనే జవాబుతో తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతు. మనకది లెక్కలోకి రాదు. కాని సెకనుకు వేల పద్దులు రాసే బ్యాంకు కంప్యూటరుకు అది పెద్ద నిరీక్షణ. ఢిల్లీ అంత దూరమైతే పన్నెండు రెట్లకు పైనే. అందుకని దగ్గరి ఊరికైతే, అక్కడ రాసినట్టు జవాబు వచ్చాకే ఇక్కడ రసీదు ఇస్తారు. దీన్ని సింక్రనస్ పద్ధతి అంటారు. దూరపు ఊరికైతే ఇక్కడ రసీదు ఇచ్చేసి, నకలును వెనకాల పంపుతారు. ఇది ఎసింక్రనస్. మొదటిదాంట్లో ఆలస్యం ఉంది, నష్టం లేదు. రెండోదాంట్లో ఆలస్యం లేదు, కాని ఆఖరి నిమిషంలో రాసిన కొన్ని పద్దులు పోవచ్చు. సాయంత్రం తపాలా కట్ట కట్టాక వచ్చిన కాగితాల్లాంటివి అవి.

ఇంకో చిక్కు వినండి. రెండు కేంద్రాలూ బతికే ఉండి, మధ్య తీగ తెగితే? రెండోది పోయిందనుకుని, ఇక నేనే పెద్దనని రెండూ పద్దులు రాయడం మొదలుపెడితే ఒకే నంబరు ఇద్దరికి పడుతుంది. దీనికి వాళ్లు స్ప్లిట్ బ్రెయిన్ అని పేరు పెట్టారు. ఇది మనకు తెలియనిదా? బదిలీ ఉత్తర్వు మీద స్టే తెచ్చుకున్న పాత ఆఫీసరు ఒక గదిలో, కొత్తగా వచ్చిన ఆఫీసరు ఇంకో గదిలో కూర్చుని ఇద్దరూ సంతకాలు చేసిన రోజులు మనలో చాలామంది చూసే ఉంటారు. కంప్యూటర్లు దీనికి మంచి ఉపాయం కనిపెట్టాయి. మూడో చోట ఒక చిన్న సాక్షిని పెడతాయి. సాక్షి దగ్గర నమోదైన కేంద్రమే పని సాగించాలి, రెండోది కలం కింద పెట్టాలి. దస్తావేజుకు సాక్షులు కావాలన్న మన పెద్దల మాట డేటా సెంటరు దాకా వచ్చింది.

రెండో ప్రతిని ఏ ఊళ్లో పెట్టాలన్నదీ ఆలోచించవలసిందే. 2005 జూలై 26న ముంబైలో 94 సెంటీమీటర్ల వాన, 2014 అక్టోబరులో విశాఖపై హుద్‌హుద్, 2015 డిసెంబరులో చెన్నై వరద. సముద్రం ఒడ్డు నగరాలకు ఈ భయం తప్పదు. మన హైదరాబాదు దక్కను పీఠభూమి మీద, సముద్రానికి దూరంగా ఉంది. 2002 నాటి భూకంప మండలాల పటంలో అతి తక్కువ ప్రమాదమున్న రెండో మండలంలో ఉంది. జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రం తన జాతీయ డేటా సెంటర్లను ఢిల్లీ, పుణే, హైదరాబాదు, భువనేశ్వర్లలో పెట్టింది. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ మన హైదరాబాదులో మూడు వేర్వేరు చోట్ల డేటా సెంటర్లతో తన సేవలు ప్రారంభించింది. ఒకచోట కరెంటు పోయినా, నిప్పు అంటుకున్నా మిగతావి పనిచేయాలని వాటిని దూరం దూరంగా పెట్టారు.

అలాగని నిశ్చింతగా ఉండే ఊరంటూ లేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారిలో భూకంపం వేలమందిని బలిగొన్నది. ఆ ప్రకంపనలు హైదరాబాదులోనూ తెలిశాయి. అప్పటి పటం ప్రకారం కిల్లారి ప్రమాదం లేని చోటే.

కొరియాలో కాలిపోయిన ఫైళ్లు

ఇంత తెలిసినా దేశాలే పొరబడతాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీల దగ్గర నిప్పు పుట్టింది. మొదట 647 ప్రభుత్వ సేవలు ఆగాయన్నారు. ఏవేవి ఉన్నాయో చెప్పే పట్టిక వ్యవస్థే దెబ్బతినడంతో ఆ లెక్క సరికాదని తేలి, తరువాత దాన్ని 709కి సవరించారు. సూచిక పోతే పుస్తకాలెన్నో కూడా తెలియదన్నమాట.

అన్నిటికన్నా నన్ను కలచివేసింది అక్కడి ఉద్యోగుల ఫైళ్ల సంగతి. మనలాంటి గుమాస్తాలు, ఆఫీసర్లు తమ పని ఫైళ్లను దాచుకున్న నిల్వ ఒకటి పూర్తిగా కాలిపోయింది. 858 టెరాబైట్లట. అంత పెద్దదానికి నకలు తీయడం కష్టమని బయట ప్రతి ఉంచలేదు. పేపరులో ఆ వార్త చదువుతుంటే ఉబ్బిపోయిన మా కట్టలు, కింది అరలోని డూప్లికేటు కళ్లముందు కదిలాయి. అక్కడి గుమాస్తాలు నాకు పరాయివాళ్లనిపించలేదు.

నా తప్పు

ఇక మొదట చెప్పిన నా తప్పు సంగతి.

1996లో మా కార్యాలయంలో ఒక అటెండరు రిటైరయ్యాడు. ఆయన పెన్షను కాగితాలు తయారుచేసింది నేనే. సర్వీసు రిజిస్టరులో ఆయన భార్య పేరు ఎవరో ఎప్పుడో ఎక్కించారు. నాకు ఆ కుటుంబం తెలుసు. ఆమెను పిలిచే పేరు వేరని కూడా తెలుసు. రిజిస్టరులో ఉన్నదే ఆమె అసలు పేరేమో అనుకున్నాను. అడిగితే సరిపోయేది. నెలాఖరు, చేతిలో ఇంకో ఆరు కేసులు. రిజిస్టరులో ఉన్నట్టే దించి, కింద "సరిచూడబడినది" అని పొట్టి సంతకం పెట్టాను. అబద్ధం కాదు, రిజిస్టరుతో సరిపోయింది.

పెన్షను పేమెంటు ఆర్డరు మీకు తెలిసిందే, రెండు భాగాలు. ఒకటి పెన్షను ఇచ్చేవారి దగ్గర, ఒకటి పెన్షనరు దగ్గర. రెండింట్లోనూ అదే పేరు పడింది. ఏడేళ్లు రెండు ప్రతులూ ఒక్క అక్షరం తేడా లేకుండా సరిపోయాయి. ఎవరికీ అనుమానం రాలేదు. 2003లో ఆయన పోయాడు. ఆమె కుటుంబ పెన్షనుకు వెళితే, "ఈ పేరుగల మనిషి మీరు కాదు" అన్నారు. రేషను కార్డులో, ఓటరు కార్డులో ఆమె పేరు వేరు. ఉమ్మడి ఫోటో ఉంది, ముఖం అదే. కాని ముఖానికి పేరు కావాలి. పద్నాలుగు నెలలు ఆమె తిరిగింది. ఒకరోజు మా బల్ల ముందుకే వచ్చి నిలబడింది. "అయ్యా, ఆయన బతికున్నప్పుడు మీరు మంచివారని చెప్పేవాడు" అంది. నేను తల ఎత్తలేకపోయాను.

చివరికి దారి చూపింది రెండు ప్రతులూ కాదు. వాళ్లింటి ట్రంకు పెట్టెలో, ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇచ్చిన నామినేషను కాగితం కార్బను కాపీ దొరికింది. అందులో ఆమె సొంత పేరు ఉంది, ఆనాటి ఆఫీసరు సంతకం ఉంది. దాన్ని జతచేసి, తప్పు ఎలా జరిగిందో నేనే నోట్ రాసి పెట్టాను. సవరణ ఉత్తర్వు వచ్చింది. బకాయిలు వచ్చాయి. ఆ పద్నాలుగు నెలలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఇది చెప్పినప్పుడు మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "పెదనాన్నా, మాకు ట్రైనింగులో మొదట చెప్పేది ఇదే. అద్దం బ్యాకప్ కాదు. ఎవరో పొరపాటున తుడిచేస్తే అద్దం కూడా అదే క్షణంలో తుడిచేస్తుంది. అందుకే అద్దంతో సంబంధం లేకుండా, పాత తేదీలతో, ఎవరూ మార్చడానికి వీల్లేని కాపీ ఒకటి విడిగా ఉంచుతాం."

ఆ ట్రంకు పెట్టెలో ఉన్నది అదే. రెండు ప్రతులు ఒకదానితో ఒకటి సరిపోవడం నిజానికి రుజువు కాదు. రెండూ ఒకే తప్పు చెప్పవచ్చు. 2020 అక్టోబరులో ధరణి వచ్చినప్పుడు, పాత రికార్డుల్లోని తప్పులు పోర్టల్లోకీ వచ్చాయని రైతులు చెప్పుకున్నారు. 2025 ఏప్రిల్లో భూభారతి వచ్చింది. పోర్టలు పేరు ఏదైనా, తెర మీది పేరును ఒకసారి పొలంతో, మనిషితో కలిపి చూసే అజ్మాయిషీ తప్పదు.

మిత్రులకు మనవి

ఈ ముసలి గుమాస్తా మాటగా నాలుగు పనులు చేయండి. మీ పెన్షను పేమెంటు ఆర్డరును ఒకసారి బయటికి తీసి చదవండి. బ్యాంకు పాసుపుస్తకంతో పోల్చితే చాలదు, ఆధారుతో, పాత సర్వీసు కాగితాలతో పోల్చండి. మీ భార్య లేక భర్త పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే మీరు బతికుండగానే సవరించుకోండి. మీ తరువాత ఆ పని చేయడం వాళ్లకు చాలా కష్టం.

ఒక జిరాక్సు తీసి వేరే ఊళ్లో ఉన్న కూతురి దగ్గరో కొడుకు దగ్గరో ఉంచండి. అదే బీరువాలో కింది అరలో మాత్రం పెట్టకండి. ఫోనులో ఫోటో తీసుకోండి, కాని ఫోను ఒక్కదాన్నే నమ్మకండి. పాత కాగితాలను పనికిరావని అమ్మేయకండి, ముఖ్యంగా మొదటి నియామకం, మొదటి నామినేషను. ఏ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి. ఆ మాటే మీ సూచిక.

ఇది రాయడం మొదలుపెట్టిన రోజు నేను కూడా నా ఆర్డరు తీసి మా ఆవిడ ముందు పెట్టి, "నీ పేరు సరిగ్గా ఉందా చూడు" అన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఉంది. ఇన్నేళ్లకు అడిగారు" అంది.